నడివీధి సాక్ష్యం

అహ్మదాబాద్ స్టేషన్ బయట ఆటో మాట్లాడుకోండి. ఛారానగర్ అనగానే డ్రైవర్ మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. చేతిలో బ్యాగు చూసి ఊరికి కొత్త అని పోల్చుకుంటాడు. "కుబేర్‌నగర్ దాకా తీసుకెళ్తా, లోపలికి మాత్రం రాను" అంటాడు. బేరం అక్కడికే కుదుర్చుకోండి. మిగతాది నడిచేంత దూరమే.

ఈరోజు ఆగస్టు 31. మధ్యాహ్నం కురిసిన వాన వెలిసింది గానీ మబ్బు ఇంకా పట్టే ఉంది. నరోదా వైపు పోయే రోడ్డు మీద లారీలు బురద చిమ్ముకుంటూ వెళ్తున్నాయి. దిగేటప్పుడు డ్రైవర్ మీ చొక్కా జేబు వైపు చూపించి ఫోన్ లోపల పెట్టుకోమంటాడు. మీ మంచి కోరే అంటాడు. ఈ పేట పేరెత్తితే నగరంలో ఎవరైనా ముందుగా చెప్పే జాగ్రత్త అదే.

సందులోకి తిరగ్గానే ముక్కుకు పులిసిన బెల్లం వాసన తగులుతుంది. గుజరాత్‌లో 1960 నుంచీ మద్య నిషేధం ఉంది. ఈ పేటలో కొన్ని ఇళ్ళు సారా కాసుకునే బతుకుతున్నాయి. బెల్లం ఊట పోసిన డ్రమ్ములు, వాటికోసం వచ్చే పోలీసులు, మామూళ్ళు, దాడులు, ఏదీ ఇక్కడ కొత్త కాదు. అదే వరసలో నాలుగు గుమ్మాలు దాటితే ఒక ఇంటి ముందు దండెం మీద లాయరు నల్లకోటు ఆరేసి ఉంటుంది. ఛారానగర్‌లో లాయర్లకు కొదవ లేదు. టీచర్లు ఉన్నారు, విలేకరులు ఉన్నారు. పోలీసుస్టేషన్‌లో నోరు లేకపోతే ఏమవుతుందో తరాలుగా చూసిన పేట కాబట్టి ఇంత మంది లాయర్లు తయారయ్యారని నేను అనుకుంటాను.

నడుస్తూ ఉండండి. పిల్లలు వెంటపడతారు. "నాటక్? నాటక్?" అని అడుగుతారు. మీరు తల ఊపితే గ్రంథాలయానికి దారి వాళ్ళే చూపిస్తారు.

గ్రంథాలయం అనగానే పెద్ద భవనం ఊహించుకోకండి. ఒక గది, బీరువాలు, గోడల మీద పాత ప్రదర్శనల ఫోటోలు. ఈ పేట నాటక జట్టు బుధన్ థియేటర్ పుట్టింది ఇక్కడే. చెప్పులు బయట విడిచి లోపలికి రండి. పదిహేను మంది దాకా నేల మీద గుండ్రంగా కూర్చుని ఉన్నారు. కాలేజీ కుర్రాళ్ళు, ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు, నడి వయసు మనిషి ఒకాయన, పన్నెండేళ్ళ పిల్లవాడు. ఒకమ్మాయి మీ చేతికి టీ ఇస్తుంది. పక్కవాళ్ళని చూసి మీరూ సాసర్‌లో పోసుకుని తాగండి. ఆట మొదలవడానికి ఇంకా గంట టైముంది. ఈలోగా వీళ్ళెవరో చెబుతాను.

ఛారాలు సంచార జాతి. సాన్సీలకు, కంజర్లకు దగ్గరివాళ్ళు. ఇంట్లో మాట్లాడుకునేది భాంతు భాష. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. నేరం చేసినవాడిని శిక్షించడానికి చట్టాలు అంతకుముందే ఉన్నాయి. ఇది వేరు. ఫలానా జాతిలో పుడితే చాలు, నేరస్థుడే. పేరు రిజిస్టరులో ఎక్కుతుంది, పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి, పొలిమేర దాటాలంటే అనుమతి చీటీ కావాలి. ముళ్ళకంచె వేసిన సెటిల్‌మెంట్లలో కుటుంబాలను ఉంచారు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా ఆ చట్టంలో తర్వాత చేర్చారు. ఈ పేట పుట్టుక కూడా అలాంటి సెటిల్‌మెంట్ నీడలోనే. దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి 127 జాతులు ఆ జాబితాలో ఉన్నాయని లెక్క. చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. అంటే దేశమంతా జెండా ఎగరేశాక ఐదేళ్ళకు వీళ్ళకు విడుదల. విముక్త జాతులవాళ్ళు ఈ తేదీని తమ స్వాతంత్ర్య దినంగా జరుపుకునేది అందుకే. పేరు మారింది గానీ పట్టు వదల్లేదు. నేరస్థ జాతుల చట్టం పోయి అలవాటుపడిన నేరస్థుల చట్టాలు వచ్చాయి. ఎక్కడ దొంగతనం జరిగినా జీపు ముందు వచ్చేది ఇటే.

ఇక 1998. ఫిబ్రవరి 10. పశ్చిమ బెంగాల్‌లో పురూలియా జిల్లా. ఖేరియా శబర తెగకు చెందిన బుధన్ శబర్ అనే మనిషి భార్య శ్యామలితో సైకిలు మీద వెళ్తూ దారిలో కిళ్ళీ కొట్టు దగ్గర ఆగాడు. పోలీసులు అక్కడి నుంచే పట్టుకుపోయారు. వారం తిరిగేసరికి జైల్లో శవమయ్యాడు. తుండుగుడ్డతో ఉరేసుకున్నాడని అధికారులు చెప్పారు. ఊరివాళ్ళు నమ్మలేదు. శవాన్ని తగలబెట్టేస్తే సాక్ష్యం పోతుందని వాళ్ళకు తెలుసు. అందుకని గడ్డిబొమ్మను చితి మీద పెట్టి కాల్చారు, శవాన్ని మాత్రం రహస్యంగా పూడ్చి దాచారు. శబర్ల సంక్షేమ సంఘానికి అధ్యక్షురాలిగా ఉన్న రచయిత్రి మహాశ్వేతాదేవి కలకత్తా హైకోర్టుకు వెళ్ళారు. దాచిన ఆ శవమే రెండోసారి పోస్టుమార్టానికి వెళ్ళింది. కోర్టు బుధన్ కుటుంబానికి నష్టపరిహారం ఇమ్మంది, సీబీఐ విచారణకు ఆదేశించింది.

అక్షరం ముక్క రాని ఆ పల్లెవాళ్ళు చేసిన పని గురించి కాసేపు ఆలోచించండి. చితి దగ్గర వాళ్ళు ఆడింది నాటకమే. గడ్డిబొమ్మకు ఏడ్చారు, గడ్డిబొమ్మకు నిప్పు పెట్టారు. చూసేవాళ్ళు నిజమనుకున్నారు. ఆ నాటకం వల్లే సాక్ష్యం బతికింది.

అదే ఏడాది మహాశ్వేతాదేవి, గుజరాత్‌లో ఆదివాసీ భాషల కోసం పనిచేస్తున్న గణేశ్ దేవీ కలిసి ఛారానగర్ వచ్చారు. మీకేం కావాలని ఇక్కడి కుర్రాళ్ళను అడిగారు. వాళ్ళు లైబ్రరీ కావాలన్నారు. ఈ గది అలా వచ్చింది. పుస్తకాలతో పాటు బుధన్ కథా వచ్చింది. విముక్త జాతుల హక్కుల కోసం నడిపే చిన్న పత్రికలో ఆ మరణం గురించి చదివిన కుర్రాళ్ళకు అది ఎక్కడో బెంగాల్‌లో జరిగిన సంగతిగా అనిపించలేదు. పేరు, ఊరు మారిస్తే వాళ్ళ వీధిలో సంగతే. దక్షిణ్ బజరంగే అనే యువకుడు ముందు నిలబడ్డాడు. అందరూ కలిసి నాటకం కట్టారు. 1998 ఆగస్టు 31న ఛారానగర్‌లోనే మొదటి ప్రదర్శన. నాటకం పేరు 'బుధన్'. జట్టు పేరూ అదే అయింది.

ఇప్పుడు గదిలో చూడండి. టీ కప్పులు పక్కన పెట్టేశారు. లేచి నిలబడి భుజాలు, మెడ తిప్పుతున్నారు. ఒక్కొక్కరు ఒక్కో గొంతులో శ్రుతి పట్టి కిందికి దించుతున్నారు. ఆ నడి వయసు పెద్దాయన పన్నెండేళ్ళవాణ్ణి పిలిచి "పోలీసాయన నడక చూపించరా" అంటాడు. వాడు సిగ్గుపడడు. గది ఆ మూలకు వెళ్ళి తిరుగుతాడు. పొట్ట కొంచెం ముందుకు వస్తుంది, బొటనవేళ్ళు లేని బెల్టులోకి దూరతాయి. ఒక్కో అడుగు వేసి ఆగి అటూ ఇటూ చూస్తాడు. తొందర లేదు. ఎవరి గుమ్మం ముందు ఆగితే ఆ ఇంటివాళ్ళ గుండె ఆగుతుందని ఆ నడకకు తెలుసు. ఇది వాడికి ఎవరూ నేర్పలేదు. కిటికీలోంచి చూసి పట్టాడు.

ఛారాలకు నటన రక్తంలోనే ఉందని వీళ్ళే చెప్పుకుంటారు. వెనకటి తరాలవాళ్ళు బజారులో చేతివాటానికి వెళ్ళినా, పట్టుబడి స్టేషన్‌లో నిలబడినా, కోర్టు బోను ఎక్కినా వేషం కట్టక తప్పేది కాదు. కడుపుకోసం ఆడిన ఆ ఆటనే మనవలు వీధిలోకి తెచ్చారు. దాచడానికి పనికొచ్చిన విద్య చెప్పడానికి పనికొచ్చింది.

ఏడు కావస్తోంది. బయటికి రండి.

నాలుగు సందులు కలిసే చోట కాస్త ఖాళీ ఉంది. స్టేజీ లేదు, తెర లేదు, మైకు లేదు. ఒక ఇంటి గుమ్మం మీంచి లాగిన బల్బు ఒకటి, వీధిలైటు ఒకటి. ఎవరో చీపురుతో వాననీళ్ళు పక్కకు ఊడ్చారు. ఆడవాళ్ళు అరుగుల మీద సర్దుకుంటున్నారు. డాబాల అంచున కాళ్ళు వేలాడేసి పిల్లలు కూర్చున్నారు. మీకూ ఒక ముసలాయన తన పక్కన పట్టా మీద చోటిస్తాడు. మూడు వైపులా జనం, నాలుగో వైపు గోడ. సందు చివర, మలుపులో, ఒక పోలీసు జీపు ఆగి ఉంది. ఎవరూ దాని వైపు చూడరు. అది ఉందని అందరికీ తెలుసు.

డప్పు దెబ్బ పడింది. నటులు జనంలోంచే లేచి వచ్చారు. ఇంతసేపూ మీ ముందు కూర్చుని వేరుశనగలు తింటున్న కుర్రాడు కూడా నటుడే. మామూలు బట్టలే. గుండ్రంగా తిరుగుతూ శబర్ల కథ ఎత్తుకున్నారు. అడవి ఎలా పోయింది, పేరు రిజిస్టరులోకి ఎలా ఎక్కింది. హిందీలో చెబుతున్నారు, మధ్యమధ్య భాంతులో ఓ మాట విసురుతున్నారు. ఆ మాటలు వచ్చినప్పుడల్లా అరుగుల మీద ఆడవాళ్ళు నవ్వుతున్నారు. మీకు అర్థం కాకపోయినా నవ్వు అంటుకుంటుంది.

ఇప్పుడు బుధన్, శ్యామలి వచ్చారు. సైకిలు లేదు. ముందు అతను, వెనక ఆమె, ఇద్దరి మోకాళ్ళూ ఒకే లయలో ఆడుతున్నాయి. గుంత వచ్చినట్టు ఇద్దరూ ఒకేసారి ఎగిరిపడ్డారు. ఆమె అతని నడుం గట్టిగా పట్టుకుంది. డాబా మీద పిల్లలు ఈల వేశారు. కిళ్ళీ కొట్టు దగ్గర దిగారు. కొట్టువాడు ఆకు మీద సున్నం రాస్తున్నాడు. ఉట్టి చేతులే, అయినా సున్నం ఎక్కువైందని బుధన్ వేలు చూపిస్తే మీకూ ఎక్కువైనట్టే కనిపిస్తుంది.

జీపు వచ్చింది. నలుగురు మనుషులు ఒకరి భుజం ఒకరు పట్టుకుంటే జీపు. ఇంజను మోత వాళ్ళ గొంతుల్లోంచే. అది కొట్టు ముందు ఆగింది. మోత ఆగలేదు. పోలీసాయన వేషం కట్టింది టీ ఇచ్చిన అమ్మాయి అన్నయ్య. అతను అరవడు. మెల్లగా అడుగుతాడు. పేరేంటి. బుధన్ పేరు చెబుతాడు. ఇంటిపేరు? శబర్. అంతే. ఆ ఒక్క మాట చాలు. ఇంక అడిగేదేమీ లేదన్నట్టు పోలీసాయన చెయ్యి ఊపుతాడు.

ఇక్కడ ఒక విషయం దగ్గరగా చూడండి. కొట్టే దృశ్యంలో లాఠీ లేదు. బుధన్ మధ్యలో మోకాళ్ళ మీద ఉన్నాడు. అతనికి నాలుగడుగుల దూరంలో పోలీసాయన చెయ్యెత్తుతాడు. చెయ్యి దిగే క్షణానికి చుట్టూ ఉన్న నటులంతా అరచేతులతో తడినేలను చరుస్తారు. చప్పుడు సందు గోడలకు తగిలి వెనక్కి వస్తుంది. బుధన్ ఒళ్ళు విరుచుకుపడుతుంది. మళ్ళీ లేస్తాడు. మళ్ళీ చెయ్యి లేస్తుంది. దెబ్బ కంటికి కనిపించదు, చెవికి మాత్రమే తెలుస్తుంది. నాలుగో దెబ్బకు మీ పక్కనున్న ముసలాయన తన రెండు అరికాళ్ళూ లోపలికి ముడుచుకున్నాడు. నాటకం చూస్తున్నానని ఆయనకు తెలుసు. కాళ్ళకు అది తెలిసినట్టు లేదు. ఆయన ఏ స్టేషన్‌లో ఏనాడు ఏం తిన్నాడో మీరు అడగలేరు. అడగక్కర్లేదు కూడా.

లక్షల ఖర్చుతో లైట్లు, సౌండు పెట్టి చేసిన నాటకాలు చూశాను. తడినేల మీద పది అరచేతులు చరిస్తే వచ్చే ఈ చప్పుడుకు సమానమైంది వాటిలో నాకు కనపడలేదు. డబ్బుల్లేక ఎంచుకున్న పద్ధతి కాదిది. బెంగాల్‌లో బాదల్ సర్కార్ స్టేజీని, టిక్కెట్టును, తెరను వదిలేసి నటుడి ఒంటినే రంగస్థలం చేశారు. ఆయన 'భోమా'ను ఈ జట్టు కూడా ఆడింది. ఆ దారి ఛారానగర్‌కు సరిగ్గా అతికింది. పోలీసులు వచ్చి సామాను తీసుకుపోవడానికి ఇక్కడ సామానే లేదు.

శ్యామలి స్టేషన్ గుమ్మం పట్టుకుని నిలబడింది. లోపలికి రానివ్వరు, బయటికి పొమ్మంటారు. ఆ అమ్మాయికి మాటలు చాలా తక్కువ. ఆమె కొంగు చివర ముడి వేస్తుంది, విప్పుతుంది, మళ్ళీ వేస్తుంది. జైలు గది వచ్చినప్పుడు ఇద్దరు నటులు తుండుగుడ్డ రెండు కొసలూ పట్టుకుని గాలిలో ఎత్తి నిలబడ్డారు. వెనక నుంచి ఒక గొంతు రిపోర్టు చదువుతోంది. ఖైదీ ఉరేసుకున్నాడు. బుధన్ ఆ గుడ్డ కింద నిలబడి జనం వైపు చూస్తున్నాడు. రిపోర్టులో ఒక్కో వాక్యం వినిపించినప్పుడల్లా శ్యామలి ఒక ప్రశ్న వేస్తుంది. అంత దెబ్బలు తిన్నవాడు లేచి నిలబడగలిగాడా? ఆ ఎత్తుకు అందుకోగలిగాడా? కాపలావాళ్ళు ఎటు పోయారు? జవాబు ఎవరూ చెప్పరు. గొంతు తర్వాతి వాక్యం చదువుతుంది.

గడ్డిబొమ్మ చితి, కోర్టు, తీర్పు త్వరత్వరగా నడిచిపోయాయి. చివరికి నటులంతా ఒక వరసలో నిలబడి, ఈ దేశంలో తమ పౌరసత్వం గురించి ప్రేక్షకులను ఒక ప్రశ్న అడుగుతారు. అడిగి వెంటనే దణ్ణం పెట్టి వెళ్ళిపోరు. ఆగుతారు. ఆ ఆగడం మీకు ఇబ్బందిగా ఉంటుంది. ఉండాలి. ఆ ప్రశ్న పక్కనున్న ముసలాయనకు కాదు, మీకు.

తెలుగువాళ్ళం కాబట్టి ఆ ప్రశ్న మనది కావడానికి ఇంకో కారణం కూడా ఉంది.

విజయవాడ నుంచి గూడూరు వైపు రైల్లో వెళ్తుంటే బాపట్ల దాటాక, చీరాల రాకముందు స్టువర్టుపురం అని స్టేషన్ వస్తుంది. 1871 చట్టం 1911 సవరణతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. 1913లో సాల్వేషన్ ఆర్మీ ఎరుకలవాళ్ళ కోసం అక్కడ సెటిల్‌మెంట్ పెట్టింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి తగిలించారు. ఆ మనుషులే చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలయ్యారు. అంతకుముందు వాళ్ళు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ కోస్తాకూ మెట్టకూ మధ్య వ్యాపారం చేసినవాళ్ళు. రైళ్ళు వచ్చి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగించి ఆ బతుకుతెరువును తీసేశాయి. తీసేసినవాళ్ళే తర్వాత వాళ్ళను నేరస్థులన్నారు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ కథను దస్తావేజులతో సహా పుస్తకంగా రాశారు. ఇంకో సంగతి. ఈ చట్టాన్ని సమీక్షించి రద్దుకు దారి వేసిన 1949-50 నాటి విచారణ సంఘానికి అధ్యక్షుడు చిత్తూరు జిల్లా మనిషి, మాడభూషి అనంతశయనం అయ్యంగార్. లోక్‌సభ స్పీకర్‌గా మనకు గుర్తున్నారు, ఇందుకు గుర్తు లేరు.

స్టువర్టుపురం అనగానే మనకు ఏం గుర్తొస్తుంది? సినిమా పేర్లు. 1991లో 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్', అదే ఏడాది 'స్టువర్టుపురం దొంగలు', 2023లో 'టైగర్ నాగేశ్వరరావు'. ఊరి పేరు తెర మీదికెక్కిన ప్రతిసారీ పక్కన ఖాకీయో, దొంగతనమో ఉండాల్సిందే. అక్కడ హేమలత, లవణం దంపతులు ఏళ్ళ తరబడి చేసిన సంస్కరణ పని మీద ఎవరూ కటౌట్లు కట్టలేదు. ఆ కథలన్నీ బయటివాళ్ళు రాశారు, బయటివాళ్ళు తీశారు. ఛారానగర్‌లో మీరిప్పుడు కూర్చున్న ఈ పట్టా మీద లెక్క తిరగబడింది. ఎవరి మీద కథలు కట్టారో వాళ్ళే కథ కడుతున్నారు. ఏ జాతి మీదైనా దొంగ అనే ముద్ర పడితే దాన్ని పరిశోధనలు, కమిషన్లు కొంత చెరపగలవు. పూర్తిగా చెరపాలంటే ఆ మనిషి మన ముందు నిలబడి తన పేరు తనే చెప్పాలి. అది చేయగలిగింది నాటకమేనని నా గట్టి నమ్మకం.

ఈ జట్టు 'బుధన్' దగ్గర ఆగలేదు. మహారాష్ట్రలో కస్టడీలో చనిపోయిన పార్ధీ తెగ మనిషి పిన్యా హరి కాళే మీద నాటకం కట్టారు. ఇళ్ళు కూల్చే యంత్రం పేరుతో 'బుల్డోజర్' కట్టారు. మహాశ్వేతాదేవి కథ 'చోలీ కే పీఛే'ను వీధికి తెచ్చారు. ఫ్రెంచి రచయిత జెనే 'బాల్కనీ'ని తమ పేట కథగా మలుచుకున్నారు. దక్షిణ్ సినిమాలూ తీశాడు. ఈ జట్టు మీద 2011లో ఒక డాక్యుమెంటరీ వచ్చి దేశదేశాలు తిరిగింది. అయినా వీళ్ళ పని పద్ధతి మారలేదు. ముందు ఒక వార్తో, ఒక ఇంట్లో జరిగిన సంగతో దొరుకుతుంది. లైబ్రరీ గదిలో కూర్చుని దాన్ని ఆడి చూస్తారు. ఆడగా ఆడగా మాట కుదురుతుంది. కాగితం చివర్లో వస్తుంది.

నాటకం ఈ పేటను కాపాడేసిందని చెప్తే అబద్ధం. 2018 జులై 26 రాత్రి సారా దాడిలో గొడవైందని పోలీసులు పెద్ద బలగంతో వచ్చి ఛారానగర్ మీద పడ్డారు. ఇళ్ళలోకి జొరబడి కొట్టారని, గుమ్మాల ముందున్న బళ్ళు పగలగొట్టారని పేటవాళ్ళు చెబుతారు. పాతిక మందికి పైగా అరెస్టు చేశారు. వాళ్ళలో ఒక పత్రికా ఫోటోగ్రాఫరు కూడా ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా పోలీసు దెబ్బల మీద నాటకమాడుతున్నవాళ్ళకే మళ్ళీ దెబ్బలు. ఇంకో మాట కూడా చెప్పాలి. 2002లో కూతవేటు దూరంలోని నరోదా పాటియాలో ముస్లింలను ఊచకోత కోసిన కేసులో శిక్ష పడ్డవాళ్ళలో ఛారాలూ ఉన్నారు. బాధితుల పేట కదా అని ఆ పేజీ చించేయకూడదు. నిజం చెప్పే నాటకానికి కట్టుబడ్డవాళ్ళకు తమ పేట నిజం మరీ బరువు.

జనం ఇంకా లేవలేదు చూడండి. ఆట అయ్యాక ఇక్కడ అసలు పని మొదలవుతుంది. నటులు చెమట తుడుచుకుంటూ అదే నేల మీద కూర్చున్నారు. ఎవరికేం చెప్పాలని ఉంటే అది చెప్పొచ్చు. ఒక కుర్రాడు సున్నం దృశ్యం బాగుందన్నాడు. డాబా మీంచి ఎవరో పోలీసాయన మరీ మెత్తగా ఉన్నాడని అరిచారు. "మెత్తగా మాట్లాడేవాడే ఎక్కువ కొడతాడు, నీకు తెలీదా?" అని వేషం కట్టినవాడు జవాబిచ్చాడు. అందరూ తలూపారు.

అరుగు మీంచి ఒకావిడ లేచింది. యాభై దాటి ఉంటాయి. చేతిలో ఇంకా కూరల సంచి ఉంది. వాళ్ళబ్బాయి కాలేజీలో చదువుతున్నాడట. పక్క కాలనీలో ఎవరిదో బండి పోతే, రాత్రి పదింటికి వచ్చి పిలుచుకుపోయారట. తెల్లారి వదిలారు. కొట్టలేదు. పొద్దున పరీక్ష ఉంది, పిల్లవాడు హాలుకు చేరేసరికి తలుపులు మూసేశారు. "ఇది నాటకమవుతుందా?" అని అడిగింది. "చావు లేదు కదా ఇందులో."

పెద్దాయన జేబులోంచి నోటుబుక్కు తీశాడు. "అవుతుంది మాసీ. కూర్చో. మొదట్నుంచీ చెప్పు. వాళ్ళు తలుపు కొట్టేసరికి ఏం చేస్తున్నావు?"

"రొట్టెలు."

"ఎన్ని అయ్యాయి?"

ఆవిడ ఆలోచించింది. ఇంతకాలం ఎవరూ అడగని ప్రశ్న అది. స్టేషన్‌లో ఎవరూ అడగరు, కాలేజీలో ఎవరూ అడగరు. "నాలుగు. ఐదోది పెనం మీదుంది. మాడిపోయింది." జనంలో కదలిక వచ్చింది. ఆయన రాసుకున్నాడు. ఎంత మంది వచ్చారు, ఎవరు ముందు మాట్లాడారు, అబ్బాయి చెప్పులు వేసుకున్నాడా, పక్కింటివాళ్ళు లైటు వేశారా, ఆర్పారా. ఒక్కో ప్రశ్నకు ఆవిడ గొంతు గట్టిపడుతోంది. చేతులు లేస్తున్నాయి. తలుపు ఎలా కొట్టారో గోడ మీద కొట్టి చూపించింది. పన్నెండేళ్ళవాడు అప్పుడే లేచి బొటనవేళ్ళు నడుముకు పెట్టుకుని ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు. ఆవిడ వాణ్ణి చూసి, "ఇంకొంచెం పక్కకు నిలబడు బేటా, వాడు గుమ్మానికి అడ్డంగా నిలబడలేదు, నన్ను దాటి లోపలికి చూస్తున్నాడు" అని సరిచేసింది.

"అమ్మ వేషం ఎవరు వేస్తారు?" అని పెద్దాయన జట్టు వైపు చూశాడు. శ్యామలి వేసిన అమ్మాయి చెయ్యెత్తింది.

ఆవిడ కూరల సంచి కింద పెట్టింది. "ఎవరో వెయ్యడమేంటి? నేనే వేస్తా."

"రేపు సాయంత్రం ఏడింటికి లైబ్రరీకి రండి మరి."

"ఏడింటికి కుదరదు. పిల్లలకు అన్నం పెట్టాలి. ఎనిమిదిన్నరకు వస్తా" అంది ఆవిడ. పెద్దాయన నోటుబుక్కులో ఏడు కొట్టేసి ఎనిమిదిన్నర అని రాశాడు.